చిన్నప్పుడు హాస్టల్లోనో హోమ్‌లోనో జరిగినదానికి ఇప్పుడు సాయం కావాలంటే: ఎవరి దగ్గరికి వెళ్లాలి, ముందు ఏం అడగాలి

వార్డెన్ బెల్టు దెబ్బలు, లైట్లు ఆర్పాక పక్క మీదికి వచ్చిన చేయి, అన్నం పెట్టకుండా ఎండలో నిలబెట్టిన మధ్యాహ్నాలు. సంక్షేమ హాస్టలు కావచ్చు, ఆశ్రమ పాఠశాల, గురుకులం, మిషన్ బోర్డింగు, మదర్సా, వేద పాఠశాల, అనాథాశ్రమం, కార్పొరేట్ కాలేజీ హాస్టలు ఏదైనా కావచ్చు. పిల్లలు ఇంటికి దూరమై, తిండికీ నిద్రకీ కూడా ఒక పెద్దమనిషి దయ మీద ఆధారపడే చోట ఇవి జరుగుతాయి. చాలామంది ఇరవై ముప్ఫై ఏళ్లు నోరు విప్పరు. సొంత కొడుకు అదే ఐదో తరగతికి వచ్చినప్పుడో, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "మన సార్" అంటూ ఆ మనిషి ఫొటో కనబడినప్పుడో ఒక్కసారిగా నిద్ర ఎగిరిపోతుంది.

అప్పుడు సాయం కోసం ఇంకో సంస్థ గుమ్మం ఎక్కాలంటే కాళ్లు రావు. ఒకసారి సంస్థను నమ్మి దెబ్బతిన్న మనిషికి ఆ అనుమానం సహజం. దాన్ని అణచుకోనక్కర్లేదు, పనికొచ్చేలా వాడుకోవాలి. ముందు మీరు అడగండి. జవాబు విన్నాకే చెప్పండి. కింద రాసినదంతా ఈ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతుంది.

ఏ గుమ్మం?

మీకు ముందుగా కావలసింది ఏమిటో తేల్చుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. నిద్ర పట్టకపోవడం, గుండెదడ, తాగుడు, చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే వైద్యం ముందు. ఆ మనిషి మీద కేసు పెట్టవచ్చా అన్నది ప్రశ్న అయితే లాయరు ముందు. అక్కడ చదివినట్టు కాగితాలే లేకపోతే రికార్డులు ముందు. మూడూ ఒకేసారి మొదలుపెట్టి మూడు చోట్లా అదే కథ మొదటినుంచి చెప్పాల్సి వచ్చి, నెల తిరక్కుండా అన్నీ వదిలేసేవాళ్లు ఎక్కువ.

మనసు విషయానికి టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు అక్కర్లేదు, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. ఆత్మహత్య ఆలోచన గట్టిగా ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపి ఆ నంబరుకు ఫోన్ చేయండి. ప్రమాదం అప్పటికప్పుడైతే 112. ఉచిత న్యాయసాయానికి 15100. ఆడవాళ్లకు 181, సఖి కేంద్రాలు. 1098 పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలది. పెద్దవాళ్లు తమ పాత సంగతి చెబితే అక్కడ పెద్దగా చేయగలిగింది ఉండదు. కానీ ఆ మనిషి ఇప్పటికీ పిల్లల మధ్యే పనిచేస్తున్నాడని మీకు తెలిస్తే, ఆ పిల్లల కోసం చేయాల్సిన ఫోన్ అదే.

"కౌన్సెలింగ్" అనే మాట దగ్గర జాగ్రత్త. మన దగ్గర ఆ మాటకు అర్థం చెడిపోయింది. పోలీసులు మందలించి పంపినా "కౌన్సెలింగ్ ఇచ్చారు" అనే పేపర్లో రాస్తారు. భార్యాభర్తలను కూర్చోబెట్టి సర్దిచెప్పినా అదే మాట. అందుకని కొన్ని చోట్ల బోర్డు మీద కౌన్సెలింగ్ సెంటర్ అని ఉన్నా లోపల జరిగేది బుద్ధి చెప్పడమే. మీకు కావలసింది మానసిక చికిత్స. ఫోన్‌లో అదే మాట వాడి అడగండి: "చిన్నప్పటి లైంగిక హింస, కొట్టడం వల్ల వచ్చిన సమస్యలకు మానసిక చికిత్స చేస్తారా?"

ఆ సంస్థకూ వీళ్లకూ సంబంధం ఉందా?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇది, ఎక్కువమంది చూడనిదీ ఇదే. మిషన్ బోర్డింగులో జరిగినదానికి అదే క్రైస్తవ సభ నడిపే ఆస్పత్రి కౌన్సెలర్ దగ్గరికి, ఆశ్రమంలో జరిగినదానికి ఆశ్రమ భక్తుడైన డాక్టరు దగ్గరికి, గురుకులంలో జరిగినదానికి ఆ సొసైటీకే శిక్షణలిచ్చే ఎన్జీవో దగ్గరికి వెళ్లడం తరచూ జరుగుతుంది, ఎందుకంటే మనకు తెలిసినవాళ్లు పంపేది అక్కడికే. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. అయినా మీరు చెప్పింది సాయంత్రానికి యాజమాన్యం చెవిన పడే దారి ఒకటి అక్కడ ఉంది.

ఎన్జీవో అయితే మూడు విషయాలు చూడండి: ట్రస్టీలు ఎవరు, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, వాళ్లే హాస్టలో హోమో నడుపుతున్నారా. నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్లో సంస్థ పేరు కొడితే కార్యవర్గ సభ్యుల పేర్లు, రిజిస్ట్రేషన్ వివరాలు కనబడతాయి. ఆ పేర్లలో మీ పాత సంస్థకు చెందినవాళ్లున్నారేమో చూసుకోండి. దర్పణ్ నంబరు, 80జీ కాగితం (దాతలకు పన్ను రాయితీ ఇప్పించే పత్రం) ఉన్నంతమాత్రాన పని మంచిదని కాదు. అవి సంస్థ ఉందని చెబుతాయి, ఎలా చూసుకుంటుందో చెప్పవు.

చదువు, లైసెన్సు

మన దేశంలో "కౌన్సెలర్" అని బోర్డు పెట్టుకోవడం చాలా తేలిక. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. వాళ్లకు సీఆర్ఆర్ నంబరు (ఆ కౌన్సిల్ నమోదు నంబరు) ఉంటుంది, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. మందులు రాయగలిగేది ఈయనే. నంబరు అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. పద్ధతిగా పనిచేసేవాళ్లకు ఆ ప్రశ్న అలవాటే.

చదువు ఉన్నా ఈ రకం గాయంతో పనిచేసిన అనుభవం లేకపోవచ్చు. పరీక్షల ఒత్తిడి, పిల్లల మొండితనం చూసుకునే మంచి సైకాలజిస్టు ఇక్కడ తడబడవచ్చు. ఏ పద్ధతిలో చేస్తారని అడగండి. గాయం మీద దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకం మీద పనిచేసే చికిత్స) అనే రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఏళ్ల తరబడి తప్పించుకోలేని చోట జరిగిన హింస వల్ల వచ్చే స్థితికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా పేరుంది. ఆ పేరు విని "అదేంటి?" అనేవాళ్లకన్నా "అవును, అలాంటివాళ్లను చూశాను" అనేవాళ్లు మీకు కావాలి.

మొదటి ఫోన్

కాగితం మీద ప్రశ్నలు రాసుకుని, ఇంట్లో ఎవరూ వినని చోటినుంచి చేయండి. పేరు చెప్పనక్కర్లేదు. "మాకు తెలిసినవాళ్లకోసం అడుగుతున్నా" అన్నా తప్పులేదు. పది నిమిషాలు చాలు.

"పెద్దయ్యాక, చిన్నప్పటి హింస గురించి వచ్చినవాళ్లను చూస్తారా? ఆడవాళ్లనే చూస్తారా, మగవాళ్లను కూడానా?"
"తెలుగులో మాట్లాడతారా?" గాయం ఏ భాషలో తగిలిందో ఆ భాషలోనే బయటికి వస్తుంది. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడేవాళ్లకు కూడా వార్డెన్ తిట్టిన తిట్టు తెలుగులోనే గుర్తుంటుంది.
"నేను చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది? ఏ పరిస్థితిలో బయటికి చెబుతారు?"
"ఏం రాసుకుంటారు, ఎక్కడ పెడతారు? సెషన్ రికార్డు చేస్తారా?"
"మొదటి రోజే జరిగిందంతా చెప్పాలా?"
"ఎంత తీసుకుంటారు, ఎన్ని నిమిషాలు, రాలేకపోతే ఎలా?"

మూడో ప్రశ్నకు "అంతా రహస్యం, ఎవరికీ చెప్పం" అని గుడ్డిగా హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి. ఏ నిజాయితీపరుడూ అలా చెప్పలేడు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017, 23వ సెక్షన్ మీ గోప్యతను హక్కుగా ఇచ్చింది, దానికి మినహాయింపులూ అక్కడే రాసింది: ప్రాణాపాయం, ఇంకొకరికి హాని, కోర్టు ఆదేశం వంటివి. ఆ మినహాయింపులను అడక్కముందే తనంతట తాను చెప్పే మనిషి దొరికితే మంచి గుర్తు. అయిదో ప్రశ్నకు సరైన జవాబు "అక్కర్లేదు". పని తెలిసినవాళ్లు మొదటి కొన్ని వారాలు నిద్ర, భయం వచ్చినప్పుడు నేల మీద కాళ్లు ఆనించుకుని స్థిమితపడే పద్ధతులు, మీకు తోడెవరున్నారు అన్నవాటి మీదే పనిచేస్తారు. మొదటి గంటలోనే వివరాలన్నీ లాగి, అటుపై "వచ్చే మంగళవారం కలుద్దాం" అంటే ఆ వారం రోజులూ నరకం. చాలామంది రెండోసారి వెళ్లకపోవడానికి కారణం ఇదే.

పోక్సో తేదీ

పిల్లలను లైంగిక నేరాలనుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. డాక్టర్లకు, కౌన్సెలర్లకు మినహాయింపు లేదు. మీకు జరిగింది ఆ తేదీకి ముందైతే పోక్సో వర్తించదు, ఈ బాధ్యతా ఉండదు. తర్వాతైతే, మీరిప్పుడు పాతికేళ్లవాళ్లయినా, కొందరు కౌన్సెలర్లు పోలీసులకు చెప్పాలనే అనుకుంటారు, కొందరు మీ ఇష్టానికే వదిలేస్తారు. కాబట్టి ఊరు, సంస్థ, మనిషి పేరు చెప్పకముందే అడగండి: "2014లో జరిగిందనుకోండి, నేను మీకు చెబితే మీరేం చేస్తారు?" జవాబు నచ్చకపోతే పేర్లు లేకుండానే చికిత్స మొదలుపెట్టవచ్చు. కలలు తగ్గడానికి హాస్టల్ పేరు అవసరం లేదు.

ప్రభుత్వాస్పత్రికి వెళ్తే

డబ్బు లేనివాళ్లకు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చిన్న వాల్తేరు మానసిక వైద్యశాల, బోధనాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. అక్కడి డాక్టర్లకు రోజూ ఎందరో రోగులను చూసే అనుభవం ఉంటుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. ఓపీ చీటీ, వరస, పేరు గట్టిగా పిలవడం, "లైన్లో నిలబడు" అనే వార్డుబాయ్, ఫినాయిల్ వాసన: ఇదంతా హాస్టల్ ఉదయాన్ని గుర్తుకు తెస్తుంది. గంట కొడితేనే గుండె ఆగినంత పనయ్యేవాళ్లు ఆ వరసలో నిలబడలేక చీటీ చేతిలోనే పెట్టుకుని వెనక్కి వస్తారు. ముందే తెలిస్తే కొంత కాచుకోవచ్చు. వరసలో నిలబడ్డానికి ఇంకొకరిని తీసుకెళ్లండి, మీరు బయట చెట్టు కింద కూర్చోండి. చీటీ మీద జబ్బు దగ్గర "నిద్ర సమస్య" అని రాయిస్తే చాలు, కౌంటర్లో కథ చెప్పనక్కర్లేదు. డాక్టరు గదిలో జనం ఉంటే "విడిగా మాట్లాడాలి" అనండి. వెళ్లింది సోమవారమో మంగళవారమో గుర్తుపెట్టుకుని మళ్లీ అదే రోజు వెళ్తే అదే యూనిట్ డాక్టర్లు ఉండే అవకాశం ఎక్కువ, మొదటినుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది. గదిలో తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ అడగడానికి సిగ్గుపడకండి.

మందులు రాస్తే ఎన్నాళ్లు వాడాలో, నిద్రమాత్ర ఉందా లేదా అడిగి తెలుసుకోండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే "ఏం లాభం లేదు" అని ఆపేస్తే కళ్లు తిరగడం, చిరాకు వస్తాయి. ఆపాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

కేసు సంగతి

"ఇన్నేళ్ల తర్వాత కేసు నిలబడదు" అని ఎవరో ఒకరు అంటారు, ఒక్కోసారి స్టేషన్లోనే అంటారు. పూర్తిగా నిజం కాదు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు మన చట్టంలో కాలపరిమితి లేదు. 2012కు ముందు జరిగిన అత్యాచారానికి ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) 376, మగపిల్లల మీద జరిగినదానికి ఐపీసీ 377 వర్తిస్తాయి, రెండిటికీ గడువు లేదు. 2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అంతకు ముందు జరిగినవాటికి పాత సెక్షన్లే. పోక్సో కేసు ఏ వయసులోనైనా పెట్టవచ్చని 2018లో కేంద్రమే స్పష్టం చేసింది. చిక్కు చిన్న సెక్షన్లతో వస్తుంది: ఆడవాళ్ల మర్యాదకు భంగం కలిగించే దాడికి 2013కు ముందు నాటి 354 సెక్షన్‌లో రెండేళ్ల శిక్షే, కాబట్టి మూడేళ్ల గడువు. మామూలు దెబ్బలకు 323 కింద గడువు ఏడాదే. ఆలస్యాన్ని కోర్టు మన్నించే వీలుంది గానీ అది గట్టి కారణం చూపించగలిగితేనే. 2016 జనవరి 15 తర్వాత హోమ్ ఉద్యోగులు పిల్లల్ని హింసిస్తే బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, దానికి గడువు అడ్డు రాదు.

ఇంత మెలిక ఉంది కాబట్టి స్టేషన్‌కన్నా ముందు లాయరు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఇచ్చిన లాయరు మీ మాట వినకుండా "రాజీ చేసుకోండి" అంటే మార్చమని రాతపూర్వకంగా అడగండి. పరిహారంలో ఇంత శాతం ఇవ్వాలని అడిగే లాయరు బార్ కౌన్సిల్ నియమాలను మీరుతున్నాడు, అక్కడినుంచి లేచి రండి. బాధితుల పరిహారానికి దరఖాస్తు కూడా ఈ సంస్థ దగ్గరే పెట్టాలి, నేరస్తుడు దొరక్కపోయినా పెట్టవచ్చు.

కేసు వేసే ఆలోచన కొంచెమైనా ఉంటే రెండు జాగ్రత్తలు. హిప్నాటిజంతో మరిచిపోయిన జ్ఞాపకాలు బయటికి తీస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. అలా వచ్చిన జ్ఞాపకం ఎంతవరకు నిజమో మీకే తేలదు, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. ఆ మనిషి పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాయకండి, పరువునష్టం కేసు మీ మీదికే రావచ్చు. రాయాలనిపిస్తే నోటుబుక్కులో రాసి, తేదీ వేసి పెట్టుకోండి: ఏ తరగతి, ఏ గది, పక్క మంచం ఎవరిది, ఆ రోజు వండిన కూర ఏమిటి. ఇలాంటి చిన్న గుర్తులే తర్వాత కాలాన్ని తేలుస్తాయి.

కాగితాలు

అక్కడ చదివిన రుజువు లేకపోతే స్టడీ సర్టిఫికెట్, టీసీ అడగండి. సంస్థ మొహం చూడలేకపోతే సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ కార్యాలయానికి పోస్టులో పంపండి: మీ పేరు, చేరిన ఏడు, హాస్టలు పేరు, అడ్మిషన్ రిజిస్టర్‌లో మీ పేరున్న పేజీ నకలు, ఆ ఏళ్లలో వార్డెన్లుగా పనిచేసినవాళ్ల జాబితా. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ ఆఫీసులోనే అప్పీలు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, చెప్పకండి కూడా. ప్రైవేటు హోమ్ అయితే జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర దాని రిజిస్ట్రేషన్, తనిఖీ నివేదికలు అడగవచ్చు.

లేచి రావాల్సిన చోట్లు

"క్షమించేస్తే తేలికవుతుంది" అని మొదటి వారంలోనే అనేవాళ్లు. మీ తలమీద చేయి వేసి ప్రార్థనతోనో తాయెత్తుతోనో పోగొడతామనేవాళ్లు. అడక్కుండా తాకేవాళ్లు. దాతలకు చూపించడానికి మీ వీడియో కావాలనే ఎన్జీవో, ముఖం మసక చేస్తామన్నా సరే: గొంతు పట్టి ఊరివాళ్లు గుర్తుపడతారు. "ఆ రోజు నువ్వెందుకు వెళ్లావు?" అని అడిగే ఎవరైనా. ఇంటి నంబరు తీసుకుని మీకు చెప్పకుండా భర్తకో అన్నకో ఫోన్ చేసేవాళ్లు.

మగవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది, నవ్వు. 2007లో కేంద్రం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి చేయించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. లైంగిక హింసకు గురయ్యామని చెప్పినవాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. ఇది మనసులో ఉంచుకుని వెళ్లండి. "మగాడివి, నీకేంటి" అన్న మాట ఒక్కసారి వినబడినా చాలు, రెండో అవకాశం ఇవ్వనక్కర్లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియోలో ఇక్కడి సైకాలజిస్టుతో తెలుగులో మాట్లాడుకోవచ్చు, అయితే అత్యవసరమైతే మీ ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో మొదటి రోజే ఇద్దరూ అనుకోండి. పోలీసులకు ఫిర్యాదు ఇప్పుడు ఈమెయిల్లోనూ పంపవచ్చు, కానీ మూడు రోజుల్లో సంతకం చేయాలి. కాబట్టి ఇండియా ప్రయాణం తేదీ చూసుకుని పంపండి.

మూడు నాలుగు సెషన్ల తర్వాత ఒకసారి లెక్క చూసుకోండి. నిద్ర కొంచెమైనా మారిందా, వద్దన్నప్పుడు ఆ మనిషి ఆగాడా, బయటికి వచ్చాక రోడ్డు దాటగలిగే స్థితిలో ఉన్నారా. వద్దంటే ఆగని చోట ఐదో సెషన్ వద్దు. మానేసేటప్పుడు కారణం చెప్పాల్సిన పని లేదు, "ఇక రావడం లేదు" అని ఒక మెసేజ్ చాలు. మీ వైద్య రికార్డుల నకలు అడిగి తీసుకోండి. 2017 చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది మీ హక్కు, తర్వాతి డాక్టరు దగ్గర మళ్లీ మొదటినుంచి చెప్పే పని తగ్గుతుంది.